సీనియారిటీ జాబితా - మన కథకుల బాధ్యత

ఉద్యోగుల జీవితం మీద, వారి సమ్మెల మీద మన భాషలో వచ్చిన కథలను ఒకచోట పెట్టి చూస్తే ఒక వెలితి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భూస్వామికీ పాలేరుకూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని మన కథ పట్టుకుంది. యజమానికీ కార్మికుడికీ మధ్య ఘర్షణను చిత్రించింది. గుమాస్తా ఇంటి ఖర్చుల లెక్కల్ని, అతని భయాల్ని, ఆశల్ని కొడవటిగంటి కుటుంబరావు వంటివారు ఎంతో నిశితంగా చూపించారు. కానీ ఒకే యజమాని కింద, ఒకే పని చేస్తున్న ఇద్దరు ఉద్యోగులు ఒకరినొకరు శత్రువులుగా చూసుకునే పరిస్థితి ఎలా వస్తుంది, దాన్ని ఎవరు తెస్తారు, ఎవరు అనుభవిస్తారు అన్న వస్తువు మీద మన కథకుల దృష్టి తగినంత పడలేదు. ‘నువ్వు ముందా, నేను ముందా’ అన్న తగాదా వారికి అల్పమైనదిగా, ఆఫీసు గోడల లోపలి చిన్న రాజకీయంగా కనిపించింది.

అది అల్పమైనది కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు నేను తీసుకున్న ఉదాహరణ విమాన పైలట్లది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఒకటైన తరువాత సీనియారిటీ, జీతం, పెన్షన్ విషయాల్లో తలెత్తిన వివాదాలు ఒక తరం ఉద్యోగుల జీవితాన్ని తిన్నాయి. పాఠకుడు వెంటనే ఒక అభ్యంతరం చెప్పవచ్చు. నెలకు లక్షలు తీసుకునే పైలట్ మన సాహిత్యానికి వస్తువెలా అవుతాడు? సామాను మోసే కాంట్రాక్టు కూలీని వదిలి పైలట్ గురించి ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

వర్గ దృక్పథం అంటే జీతం చీటీ మీద అంకె చూసి మనిషిని అటో ఇటో తోసెయ్యడం కాదు. ఉత్పత్తి సంబంధాల్లో అతని స్థానం ఏమిటో చూడడం. పైలట్‌కు విమానం సొంతం కాదు. ఏ విమానం కొనాలో, ఏ అప్పు చెయ్యాలో, ఏ సంస్థను ఏ సంస్థలో కలపాలో నిర్ణయించేది అతను కాదు. ఆ నిర్ణయాల ఫలితం మాత్రం అతని మీద పడుతుంది. ఈ ఒక్క విషయంలో అతనూ, టికెట్ కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా, రన్‌వే మీద సామాను లాగే కూలీ ఒకే వైపు ఉన్నారు. అయితే తాను ఆ వైపు ఉన్నానని అతనికి తెలియదు, లేదా తెలిసినా ఒప్పుకోడు. తెలుగు కథకుడికి పనికివచ్చే వస్తువు సరిగ్గా అక్కడే ఉంది.

విలీనం మనకు కొత్త కాదు. మన విమానయానం పుట్టుకే విలీనంతో ముడిపడి ఉంది. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో ప్రారంభించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా నడిచింది. 1953లో పార్లమెంటు ఎయిర్ కార్పొరేషన్ల చట్టం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ అయ్యాయి. విదేశాలకు నడిచే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వేరే కార్పొరేషన్‌గా ఉండిపోయింది. ఆనాటి కలయిక ప్రైవేటు సొత్తును ప్రజల సొత్తు చేసింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కూ మన నగరానికీ ఆ తరువాత కూడా దగ్గరి సంబంధం ఉంది. దాని పైలట్ల శిక్షణ కేంద్రం ఫిరోజ్‌గూడలోనే ఉండేది.

2007 నాటి కలయిక వేరు. ఆ ఏడాది మార్చిలో నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా అనే కొత్త కంపెనీ పుట్టింది. ఆగస్టు 27న రెండు సంస్థలూ అందులో కలిశాయి. 2010లో దానికే ఎయిర్ ఇండియా లిమిటెడ్ అని పేరు మార్చారు. కాగితం మీద కంపెనీ ఒకటయింది. కాని పైలట్లకు రెండు సంఘాలు మిగిలాయి. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారిది ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. పాత ఎయిర్ ఇండియా వారిది ఇండియన్ పైలట్స్ గిల్డ్. జీతం కట్టే పద్ధతులు రెండు. ప్రమోషన్ల వరసలు రెండు. ఇంటికి రంగు వేసి, లోపల గోడ అలాగే ఉంచినట్టయింది.

సీనియారిటీ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పైలట్‌కు అది గౌరవ చిహ్నం కాదు. కో-పైలట్ ఎప్పుడు కమాండర్ అవుతాడు, చిన్న విమానం నుంచి పెద్ద విమానానికి ఎప్పుడు మారతాడు, ఏ ఊళ్లో ఉంటాడు అన్న విషయాల్లో వరసలో అతని అంకె మాట చెల్లుతుంది. ఎవరిని పైకి లాగాలి, ఎవరిని కిందకి తొయ్యాలి అన్న అధికారం పైవాడి ఇష్టానికి వదలకుండా కట్టడి చేసే నియమం అది. యూనియన్లు కొట్లాడి నిలబెట్టుకున్న నియమం. ఆస్తి లేనివాడికి అదే ఆస్తి. కానీ ఈ ఆస్తికి ఒక లక్షణం ఉంది. తన సంస్థలోనే దానికి విలువ. సంస్థ మారితే, లేదా రెండు సంస్థలు కలిస్తే, అది మళ్లీ మొదటినుంచి లెక్కకు వస్తుంది.

ఎలా లెక్కిస్తారు? ఒక ఊహ చేద్దాం. ఒక సంస్థ వేగంగా పెరిగింది. అందులో 1998లో చేరినవాడు అప్పుడే కమాండర్ అయ్యాడు. రెండో సంస్థ నెమ్మదిగా పెరిగింది. అందులో 1994లో చేరినవాడు ఇంకా కో-పైలట్‌గానే ఉన్నాడు. రెండూ కలిశాయి. చేరిన తేదీ చూడాలంటే కో-పైలట్ కమాండర్ నెత్తిన కూర్చుంటాడు. ఉన్న హోదా చూడాలంటే నాలుగేళ్లు ముందు వచ్చినవాడు వెనకపడతాడు. ఎవరి జాబితాలో ఎవరు ఎన్నో వంతున ఉన్నారో చూసి దామాషాగా కలపాలంటే ఇద్దరూ ఏడుస్తారు. మూడు పద్ధతులకూ తర్కం ఉంది. మూడింటిలోనూ ఎవరికో అన్యాయం ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి వేదనా నిజమే. రెండు నిజాలు ఒకదాన్నొకటి పొడుచుకునే చోట పుట్టే దుఃఖం కంటే పెద్ద కథావస్తువు ఏముంటుంది?

ఇక జరిగింది చూడండి. విలీనమై నాలుగేళ్లయినా జీతాలు సమం కాలేదు. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల ఆదాయంలో ఎక్కువ భాగం ఎగిరిన గంటలకు ముడిపడి ఉంది. గంటలు తగ్గితే సంపాదన తగ్గుతుంది. తమకూ సమాన వేతనం, స్థిరమైన వేతనం కావాలని 2011 ఏప్రిల్ చివర ఎనిమిది వందల మందికి పైగా సమ్మె కట్టారు. యాజమాన్యం సంఘం గుర్తింపు రద్దు చేసింది, నాయకులను ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఢిల్లీ హైకోర్టు పనిలోకి పొమ్మంది. మే 6న సమ్మె ముగిసింది. అప్పుడు గాని, అంటే నాలుగేళ్లు గడిచాక గాని, విశ్రాంత న్యాయమూర్తి ధర్మాధికారి అధ్యక్షతన ఒక కమిటీ పుట్టలేదు. 2012 జనవరిలో అది నివేదిక ఇచ్చింది.

అదే ఏడాది మేలో రెండో సంఘం వంతు వచ్చింది. విలీనానికి ముందు పాత ఎయిర్ ఇండియా ఆర్డరు చేసిన డ్రీమ్‌లైనర్ విమానాలు రాబోతున్నాయి. అవి మా సంస్థ తెప్పించుకున్నవి, వాటి మీద శిక్షణ మాకే, లేకపోతే మా ప్రమోషన్లు వెనకపడతాయి అన్నది గిల్డ్ వాదన. ఇప్పుడు సంస్థ ఒకటే, విమానాలు అందరివీ అన్నది రెండోవారి వాదన. గిల్డ్ పైలట్లు జబ్బు చేసిందంటూ విధుల్లోకి రావడం మానేశారు. కోర్టు ఆ పని తప్పంది. సంఘం గుర్తింపు పోయింది. సుమారు వంద మంది ఉద్యోగాలు పోయాయి. 58 రోజుల తరువాత జూలైలో అలసిపోయి విరమించారు.

రెండు సమ్మెలు, రెండు సంఘాలు. ఒకరు సమానం చెయ్యమన్నారు. ఇంకొకరు వేరుగా ఉంచమన్నారు. ఒకరు కోరినది ఇంకొకరి చేతిలోంచి తీసుకోవలసినదిగా కనిపించింది. యాజమాన్యం రెండుసార్లూ ఒకే ఆయుధం వాడింది: గుర్తింపు రద్దు, డిస్మిస్, కోర్టు. దానికి ఏకీకృత విధానం ఉంది. లేనిది ఉద్యోగులకే.

ఇక్కడ కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ గుర్తుకు రావాలి. 1960లలో వచ్చిన ఆ కథలో ఒక బాకీ తగవు పంచాయితీకి వస్తుంది. అప్పల్రాముడు బాకీ ఉన్నాడా లేదా, తీర్చాలా వద్దా అన్నది అక్కడ ప్రశ్న. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు దుర్మార్గుడు కాడు, ధర్మం తెలిసినవాడు. అయినా ఆ పంచాయితీ చివరకు ఘోరానికి దారి తీసింది. ఎందుకు? బాకీ ఉందా లేదా అని అడిగారు గాని, బాకీ పుట్టించిన ఊరి అభివృద్ధిని బోనులో నిలబెట్టలేదు. రామారావు మాస్టారి గొప్పతనం అక్కడుంది. ప్రశ్నను ఎంత ఇరుకుగా పెడితే తీర్పు అంత ధర్మంగా కనిపిస్తుందని, ఆ ధర్మం అంత క్రూరంగా ఉంటుందని ఆయన చూపించారు.

పైలట్ల తగవూ అలాంటి పంచాయితీయే. ఎవరు ముందు, ఎవరు వెనక అని కమిటీలూ కోర్టులూ తూచాయి. విలీనానికి కాస్త ముందు రెండు సంస్థలకూ కలిపి 111 విమానాలకు ఆర్డరు ఇచ్చారు. ఆ కొనుగోలు ఎక్కువగా అప్పు మీదే నడిచిందని, విలీనం తగిన సన్నాహం లేకుండా జరిగిందని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో తప్పు పట్టారు. మరి ఆ అప్పు ఏ పైలట్ చేశాడు? 2011 సమ్మెలో జీతంతోపాటు, సంస్థను ఇలా చేసినవారి మీద సి.బి.ఐ. విచారణ జరగాలన్న డిమాండు కూడా ఉంది. అప్పల్రాముడు పంచాయితీలో తన బాకీ పుట్టుక చెప్పుకున్నట్టే ఇదీ ప్రశ్నను విశాలం చేసే ప్రయత్నం. కానీ పత్రికల్లో మిగిలింది జీతం గోలే. చిక్కుకుపోయిన ప్రయాణికుడి కోపం, లక్షల జీతం అంకె, ఈ రెండింటి మధ్య అసలు ప్రశ్న నలిగిపోయింది. ఒక ప్రశ్నను ఎలా ఇరుకు చేస్తారో చూపించడం సాహిత్య విమర్శకుడి పని కూడా అని నేను అనుకుంటున్నాను.

ఇది మన దేశపు దౌర్భాగ్యం మాత్రమే కాదు. అమెరికాలో 2005లో యు.ఎస్. ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. 2007లో ఒక మధ్యవర్తి తీర్పుగా ఉమ్మడి సీనియారిటీ జాబితా ఇచ్చాడు. పదిహేనేళ్లకు పైగా సర్వీసు ఉండి మధ్యలో లే-ఆఫ్ అయిన యు.ఎస్. ఎయిర్‌వేస్ పైలట్లు, కొద్ది నెలల క్రితమే చేరిన అవతలివారి పక్కన నిలబడవలసి వచ్చింది. సంఖ్యలో ఎక్కువగా ఉన్న వారు 2008లో పాత యూనియన్‌నే పడగొట్టి కొత్త యూనియన్ పెట్టుకున్నారు. 2013లో ఆ సంస్థ మరో పెద్ద సంస్థలో కలిసేదాకా రెండు వర్గాల పైలట్లు రెండు జాబితాల కింద, కోర్టుల చుట్టూ తిరుగుతూ పనిచేశారు. మరో విషయం కూడా ఇక్కడ చూడాలి. ఆ యు.ఎస్. ఎయిర్‌వేస్ పైలట్ల పెన్షన్ పథకాన్ని 2003లో, దివాలా నడుస్తున్న కాలంలో, రద్దు చేశారు. పెన్షన్ పోయినవాడికి వరసలో అంకె తప్ప ఇంకేం మిగిలింది? ముసలితనానికి దాచుకున్నది పోయాక, మిగిలిన పది పదిహేనేళ్ల సంపాదన కోసం పక్కవాడితో పోట్లాడడాన్ని స్వార్థం అనాలంటే నోరు రాదు.

మన పైలట్ల పెన్షన్ సంగతి ఏమిటి? ప్రభుత్వ సంస్థ కాబట్టి సర్కారు పెన్షన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. ఈ రెండు సంస్థల ఉద్యోగులూ దశాబ్దాలపాటు 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం కింద ఉన్నారు. అందులో చట్టబద్ధమైన పెన్షన్ లేదు. ఉద్యోగులు తమ సొంత చందాతో నడిచే పథకం మీద ఆధారపడ్డారు. 2021 డిసెంబరులో, సంస్థ టాటాల చేతికి పోవడానికి సరిగ్గా ముందు, ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ పరిధిలోకి వారిని తెచ్చారు. ఆ నెల 7,453 మంది ఉద్యోగుల పేర చందా జమ అయింది. ఆ పథకం హామీ ఇచ్చే కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. నేనుండే ఏ.ఎస్. రావు నగర్ ఇ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకుడు డాక్టర్ ఏ.ఎస్. రావు పేరు మీద వెలిసిన కాలనీ. ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఆ వెయ్యి రూపాయల అంకె ఎంత చేదుదో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు.

మరి తెలుగువాడికి సీనియారిటీ జాబితా నిజంగా కొత్త విషయమా? 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలు కలిశాయి. హైదరాబాదు రాష్ట్రపు ఉద్యోగీ, ఆంధ్ర రాష్ట్రపు ఉద్యోగీ ఒకే సచివాలయంలో పక్కపక్కన కూర్చున్నారు. వారి సర్వీసు నిబంధనలు వేరు, జీతాల స్కేళ్లు వేరు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఉద్యోగుల కోసం 115వ సెక్షన్ పెట్టారు. పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఇవేవీ జాబితా దగ్గర పుట్టిన మంటను ఆర్పలేదు. 1969లో రోడ్డు మీదికి వచ్చిన ఉద్యమంలో ఉద్యోగాల, సీనియారిటీ ప్రశ్న ఒక ముఖ్య పాయ. 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610వ జి.వో., ఇవన్నీ ఆ ప్రశ్నకు వేసిన కట్లే. పుండు మాత్రం 2014 దాకా పచ్చిగానే ఉంది. గుమాస్తాల కాగితం గొడవ అని కొట్టిపారేసిన విషయం చరిత్రను నడిపించింది.

మా ఉపాధ్యాయుల సంగతే చూడండి. ప్రభుత్వ పాఠశాలల టీచర్లు, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలల టీచర్లు ఒకే పాఠం చెబుతారు. పైపోస్టుల దగ్గరికి వచ్చేసరికి ఏకీకృత సర్వీసు రూల్స్ కావాలని ఒకరు, వద్దని ఒకరు దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నారు. ఎవరిని అడిగినా తన వాదన న్యాయమైనదే అంటారు. న్యాయమైనదే కూడా. ఈ మధ్యలో ఎంతమంది ప్రమోషన్ చూడకుండా రిటైరయ్యారో ప్రతి స్టాఫ్ రూముకూ తెలుసు. ఇంత దగ్గరి అనుభవం ఉండి కూడా, ఉపాధ్యాయ రచయితలు ఇంతమంది ఉన్న మన భాషలో, ఈ వస్తువు మీద గుర్తుండిపోయే కథలు రాలేదంటే లోపం జీవితంలో లేదు, మన చూపులో ఉంది.

అలాగని పైలట్లను అమాయకులుగా చిత్రించమని నేను చెప్పడం లేదు. రెండు సమ్మెల్లోనూ ముందుకు వచ్చినవి పైలట్ల కోర్కెలే. అదే సంస్థలో తక్కువ జీతానికి పనిచేసే మిగతావారిని కలుపుకొని పోరాటాన్ని విస్తరించాలన్న చూపు వాటిలో బలపడలేదు. అందుకే ప్రజల సానుభూతి వారికి దొరకలేదు. తాను ఉద్యోగినని ఒప్పుకోవడానికి సిగ్గుపడే ఉద్యోగి, కష్టం వచ్చినప్పుడు ఒంటరివాడవుతాడు. మధ్యతరగతి స్వభావంలోని ఈ ద్వంద్వాన్ని దాచిపెట్టి రాసే కథ ప్రచారం అవుతుంది. దాన్ని మాత్రమే చూపి వెక్కిరించే కథ పాలకవర్గాలకు పనికివస్తుంది. ఈ రెండు తప్పులకూ మధ్య నడిచే దారి కష్టమైనది. కాని దారి అదే.

తరువాతి చరిత్ర ఆ పాత్రలకు మరో అంకం రాసిపెట్టింది. 2020లో కోవిడ్ పేరుతో జీతాలు కోసినప్పుడు రెండు సంఘాలూ కలిసి నిరసన చెప్పాయి. 2022 జనవరి 27న సంస్థ టాటాల చేతికి వెళ్లింది. 1953లో జాతీయం చేసినది ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారో వారి దగ్గరికే చేరింది. 2023 ఏప్రిల్‌లో కొత్త యాజమాన్యం కొత్త జీతాల కాంట్రాక్టు ముందు పెట్టగానే, సంతకం పెట్టవద్దని రెండు సంఘాలూ ఒకే గొంతుతో తమ సభ్యులకు చెప్పాయి. ఈ ఐక్యత 2011లో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. వచ్చేసరికి మాత్రం బేరమాడే బలం చాలా పోయింది. 2024 నవంబరు 12న విస్తారా కూడా ఇందులో కలిసింది. అంతకుముందు ఏప్రిల్‌లో, 70 గంటలకు ఉన్న కనీస జీతపు హామీని 40 గంటలకు తగ్గించే కాంట్రాక్టు వచ్చినప్పుడు విస్తారా పైలట్లు ఒకరి తరువాత ఒకరు సెలవు పెట్టారు, విమానాలు ఆగిపోయాయి. అప్పటికి ఒక సంస్థలో రిటైర్మెంటు 58 ఏళ్లకు, ఇంకొకదానిలో 60 ఏళ్లకు ఉండేది. మళ్లీ రెండు జాబితాలు. మళ్లీ అదే ప్రశ్న.

విలీనాల కాలం ముగియలేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంక్ 2020లో పేరు లేకుండా పోయాయి. ఆ కౌంటర్ల వెనక ఉన్నవారిలో మన పాఠకులున్నారు, మన రచయితలు కూడా ఉన్నారు. కాబట్టి ఈ వస్తువు ఆకాశంలో లేదు. మన ఇంటి ఎదుటి వాటాలో ఉంది.

మన కథకులకు నా విజ్ఞప్తి ఇంతే. పైలట్ గురించి రాసినా, బ్యాంకు గుమాస్తా గురించి రాసినా, టీచరు గురించి రాసినా, ఆ జాబితాలో ఒక్క పేరు పక్షాన నిలబడి రాయకండి. పైపేరు, కిందిపేరు రెండింటి ఇళ్లలోకీ వెళ్లండి. ఇద్దరి భార్యలు వేసుకునే నెలసరి లెక్కల్ని, ఇద్దరి పిల్లల ఫీజుల్ని, ఇద్దరి ముసలితనపు భయాన్ని చూపండి. ఇద్దరూ నిజమే చెబుతున్నారని పాఠకుడు ఒప్పుకున్న క్షణంలో అతనికి సహజంగా మూడో ప్రశ్న పుడుతుంది: మరి ఈ జాబితా తయారు చేసినవాడి పేరు ఇందులో ఏ వరసలో ఉంది? ఆ ప్రశ్న పాఠకుడి నోట పలికించగలిగిన కథ, ఒక్క నినాదం లేకుండానే తన పని చేస్తుంది.